గాలి మేస్త్రి కుడి బుగ్గ

మా తమ్ముడు ఒక మెషీను కొనాలా వద్దా అని నెల రోజులు ఆలోచించాడు. ఆ నెల రోజుల్లో నా తల ప్రాణం తోకకొచ్చింది. పొద్దున పళ్ళు తోముకుంటూ కొంటానంటాడు. మధ్యాహ్నానికి అంతా మోసమంటాడు. సాయంత్రం మళ్ళీ ఫోను తెచ్చి నా కళ్ళకు జానెడు దూరంలో పెట్టి, "అక్కా, ఇది కాస్త చదివి పెట్టు" అంటాడు. చదివి చెప్తే వింటాడా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఆ మెషీను అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఇంట్లోనే వాడుకునే అల్ట్రాసౌండ్ మెషీనట. నొప్పి ఉన్నచోట చల్లటి జెల్ రాసి, దాని గుండ్రటి మూతి పెట్టి మెల్లగా తిప్పాలి. చెవికి వినపడని శబ్దం కండలోకి దిగి నొప్పిని తీసేస్తుందని ఫోనులో ఒక తెల్లకోటు మనిషి నవ్వుతూ చెప్తాడు. మా వాడి నొప్పి కుడి బుగ్గలో. ముఖంలో నరం జబ్బు.

మా వాడు కంసాలి. వీధిలో చిన్నా పెద్దా అందరికీ గాలి మేస్త్రి. ఆ పేరు ఊరికే రాలేదు. బంగారం అతకాలంటే దీపం ముందు కూర్చుని, ఇత్తడి ఊదుగొట్టం నోట పెట్టి, మంటను సూదిలా సన్నగా చేసి అతుకు మీదికి పంపాలి. మామూలు పనివాడు ఊపిరి తీసుకోవడానికి ఆగుతాడు, ఆగినప్పుడల్లా మంట తూలుతుంది. మా వాడు ఆగడు. ముక్కుతో గాలి పీలుస్తూనే బుగ్గల్లో దాచుకున్న గాలిని బయటికి తోస్తాడు. బుగ్గలు రెండూ తోలుతిత్తులనుకోండి. పావుగంట ఊదినా మంట వెంట్రుకంతైనా కదలదు. తలవెంట్రుక లావు తీగతో చేసిన గొలుసులో నూట అరవై లంకెలు ఒక్క కూర్చోడంలో అతికిన మనిషి. పెద్ద పెద్ద నగల షాపుల వాళ్ళు తమ మెషీన్లకు లొంగని పని తెచ్చి మా గుమ్మంలో నిలబడేవారు.

నా గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఈమె ఎవరు, ఎందుకింత కోపం అనుకుంటారు. నేను వాడికి అక్కను, ఎనిమిదేళ్ళు పెద్ద. చదివింది పల్లెటూరి బళ్ళో ఏడో తరగతి దాకానే, కానీ దస్తూరీలో మూడేళ్ళు వరసగా మొదటి బహుమతి నాదే. మాస్టారు నా పలకను పక్క ఊరి బడికి పంపి చూపించాడు. నాన్న పోయేనాటికి తమ్ముడికి పదేళ్ళు. ఆడపిల్ల దీపం ముందు కూర్చోవడమేమిటని పెదనాన్న గొణిగినా వినకుండా నేనే నాన్న స్థానంలో కూర్చున్నాను. నీళ్ళ గిన్నెలో గొట్టం పెట్టి, బుడగలు ఆగకుండా ఊదడం వాడికి నేర్పింది నేను. వాడి చెయ్యి నా చెయ్యిని దాటిపోయాక లేచి పక్కకు జరిగి ముత్యాలు గుచ్చడం పట్టుకున్నాను. నలభై ఒక్క ఏళ్ళలో నా చేత్తో గుచ్చిన దండ ఒక్కటి తెగి వెనక్కి రాలేదు. వీధిలో ఎలక్ట్రానిక్ కాటా మొదట వాడింది నేను. మా ఆయన పోయాక తమ్ముడింటి పై వాటాలో ఉంటున్నాను. కింద ముందు గది కొట్టు, వెనక వాళ్ళ కాపురం. కాబట్టి వాడు దగ్గినా నాకు వినపడుతుంది.

నొప్పి మొదలై రెండేళ్ళు దాటింది. ఒక ఉదయం గాజు అతుకుతున్నాడు. నేను ఎదురుగా కూర్చుని దారానికి మైనం పట్టిస్తున్నాను. ఉన్నట్టుండి మంట ఆరిపోయింది. గొట్టం ఇనుప దాకలి మీద పడి ఠంగుమంది. చూస్తే వాడు కుడి చెంపకు బెత్తెడు దూరంలో చెయ్యి పెట్టి, తాకలేక, కదలలేక, బిగుసుకుపోయి ఉన్నాడు. కరెంటు తీగ బుగ్గలోంచి దవడ దాకా లాగినట్టుందన్నాడు. అర నిమిషంలో పోయింది. పన్ను అనుకున్నాం. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, నొప్పి మళ్ళీ వచ్చినప్పుడల్లా మా వాడే ఆయన్ని బతిమాలి, మొత్తం రెండు దవడపళ్ళు పీకించుకుని వచ్చాడు. కాగితంలో చుట్టి తెచ్చిన ఆ పళ్ళు నేను చూశాను. చుక్క పుచ్చు లేదు. నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆ తర్వాతే నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. స్కానింగ్ తీయించింది. ముఖానికి వచ్చే నరం మీద ఒక రక్తనాళం ఒరుసుకుంటోందని బొమ్మ గీసి చూపించి మాత్రలు రాసింది. మాత్రలు పని చేశాయి. చేశాయని నేను నొక్కి చెప్తున్నాను, ఎందుకంటే మా వాడు ఆ మాట ఒప్పుకోడు. వారం తిరిగేసరికి గడ్డం గీసుకున్నాడు, రొట్టె నమిలి తిన్నాడు. పదో రోజున ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాడు. ఎందుకయ్యా అంటే మత్తుగా ఉందట, ఒక్కో లంకె రెండుగా కనిపిస్తోందట. ఇరవై రోజులకు నొప్పి మళ్ళీ వచ్చింది. మళ్ళీ మాత్రలు, మళ్ళీ మానడం. హఠాత్తుగా మానొద్దని చీటీ మీద రాసి ఉన్న మాట నేను పైకి చదివి వినిపించాను. మూడుసార్లు వినిపించాను.

ఈ రెండేళ్ళలో మనిషి ఎలా అయ్యాడో చెప్తే నమ్మరు. ఎడమ చెంప నున్నగా, కుడి చెంప గడ్డంగా తిరిగాడు. ఫ్యాను గాలి తగిలితే నొప్పి, అందుకని మండుటెండల్లో కొట్లో ఫ్యాను కట్టేసి మమ్మల్ని ఉడకబెట్టాడు. పాలల్లో నానిన రొట్టె తప్ప ఏదీ నోట పెట్టడు. మాట్లాడితే ఎడమ పక్క నుంచే, అదీ ముక్కలు ముక్కలుగా. మా మరదలు పాపం, "వదినా, ఆయన నాతో మూడు మాటలకు మించి మాట్లాడి నెల అయింది, ఇంతకీ నామీద కోపమా, నొప్పా?" అని నన్నడిగింది. ఏది ఎంతో నాకు మాత్రం ఏం తెలుసు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఊదడం. బుగ్గ పొంగిస్తే చాలు, నొప్పి తన్నుకొస్తుంది. తెచ్చిన పని తెచ్చినట్టే వెనక్కి పోవడం మొదలైంది. కాలితో తొక్కి గాలి కొట్టే తిత్తి ఒకటి ఉంటుంది, దానికి గ్యాసు గొట్టం తగిలిస్తే నోటితో పని లేదు. వీధిలో సగం మంది దాంతోనే చేస్తున్నారు. నేనే ఒకటి తెప్పించి బల్ల కింద పెట్టించాను. మా వాడు దాని మీద పాత గుడ్డ కప్పాడు. కాలికి కళ్ళుంటాయా అంటాడు. అతుకు ఎర్రబడే క్షణంలో గాలి తగ్గించాలని నోటికి తెలుస్తుందట, కాలికి తెలియదట. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. గొట్టం పట్టనిదే తాను కంసాలి కాడని వాడి నమ్మకం. ఊదడం పోతే తనలో ఏం మిగలదని భయం. ఆ మాట వాడు అనలేదు. నేను పెంచినవాణ్ణి, అనక్కర్లేదు.

ఆ భయంలో దొరికింది ఈ మెషీను. మత్తు లేదు, కోత లేదు, రోజుకు పది నిమిషాలు రుద్దుకుంటే చాలని వీడియో. అప్పటి నుంచి ఇల్లంతా దాని గోలే. కొన్నవాళ్ళు రాసిన అభిప్రాయాలు చదవమని నా మీద పడ్డాడు. నేను పని చేస్తే సగంలో వదిలే రకం కాదు. కళ్ళజోడు తుడుచుకుని మూడు సాయంత్రాలు కూర్చుని ఉన్నవన్నీ చదివాను. మోకాళ్ళ వాళ్ళున్నారు, నడుముల వాళ్ళున్నారు, మడమల వాళ్ళున్నారు. ఒకాయన తన కుక్క కాలికి కూడా వాడాడట. ముఖం నరమన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ మాట చెప్తే మా వాడు, "లేరంటే వాళ్ళకు తగ్గిపోయి రాయడం మానేశారేమో" అన్నాడు. ఇలాంటి మనిషితో ఎలా వేగాలి?

ఇంతలో అగ్నికి ఆజ్యం పోయడానికి మూడో కొట్టు కళ్ళజోళ్ళాయన దిగబడ్డాడు. ఆయనకు మోకాలి నొప్పి, సరిగ్గా అలాంటి మెషీనే కొన్నాడు. బాగా పని చేస్తోందని మెట్లెక్కి దిగి చూపించాడు. "కొనకండి మేస్త్రీ, ముందు నాది నాలుగు రోజులు వాడి చూడండి" అని డబ్బాతో సహా మా బల్ల మీద పెట్టి పోయాడు. మంచివాడే. మంచివాళ్ళతోనే వస్తుంది తంటా అంతా.

డబ్బాలో చిన్న పుస్తకం ఉంది. మా వాడు బొమ్మలు చూసి పక్కన పడేశాడు. నేను తీసి మొదటి పేజీ నుంచి చదివాను. పద్నాలుగో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: కళ్ళ మీద, కళ్ళ చుట్టుపక్కల, తల మీద వాడరాదు, నరాల జబ్బులున్నవారు డాక్టరును అడగకుండా వాడరాదు. గట్టిగా చదివాను. తమ్ముడు తల ఎత్తకుండానే, అలాంటివి కేసులకు భయపడి రాస్తారులే అన్నాడు. అయినా సరే, తాను గుడ్డిగా ముఖానికి పెట్టేవాడు కాదట. గీటురాయి మీద గీటు పెట్టి చూడందే బంగారమన్నది నమ్మనివాడు, దీన్ని మాత్రం ఊరికే నమ్ముతాడా అన్నాడు. మంచిదే, బుద్ధి వచ్చిందనుకుని నేను పైకి వెళ్ళాను. నాదే తప్పు. ఆ గీటు ఎక్కడ పెడతాడో అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం ముత్యాల పెట్టె కోసం కిందికి దిగితే కొట్లో జుయ్యిమని సన్నటి మోత. మా కొట్లో నగలు కడిగే తొట్టి ఒకటి ఉంది, కరెంటుది. సబ్బునీళ్ళు పోసి నగ వేస్తే, వినపడని శబ్దం నీళ్ళని వణికించి, రాళ్ళ వెనక ఏళ్ళ తరబడి పట్టిన మడ్డిని మూడు నిమిషాల్లో పొగలా ఊడగొడుతుంది. దాని పేరులోనూ అల్ట్రా ఉంది. మా వాడి బుర్రకు రెండూ ఒకటేనని తట్టింది. నరం మీద ఏదో ఒరుసుకుంటోందని డాక్టరమ్మ చెప్పింది కదా, దాన్ని మడ్డి కింద లెక్క వేసుకున్నాడు. ముందు మన ఇంటి శబ్దంతో పరీక్షించి, బాగుంటే ఆ మెషీను శబ్దం వాడదామని, తొట్టి నడుస్తుండగా బల్ల మీదికి వంగి, గడ్డం ఉన్న కుడి చెంపను దాని స్టీలు అంచుకు మెల్లగా ఆనించబోతున్నాడు.

నేను వైరు పీకేశాను. మోత ఆగింది కానీ ఆలస్యమైంది. స్టీలు అంచు చర్మానికి తగలనే తగిలింది. ఆ తగలడంతోనే నొప్పి కొట్టింది. శబ్దం లేదు, మెషీను లేదు, వట్టి తాకిడి. బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. కుడి కంటి నుంచి నీళ్ళు వాటంతటవే కారాయి. తుడవడానికీ లేదు, తుడిస్తే మళ్ళీ వస్తుంది. మా మరదలు వెనక గదిలోంచి పరుగున వచ్చి, ఏం చెయ్యాలో తెలియక చీర కొంగు పట్టుకుని నిలబడింది. ఒకటి తగ్గగానే ఇంకొకటి, అలా నాలుగైదు వచ్చి పోయాక వాడు కళ్ళు తెరిచాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, నాన్న పోయిన రోజున చూసినట్టు చూశాడు నన్ను.

తిట్టాలని నోటి దాకా వచ్చింది. వాడి భాషలో అడిగాను.

"ఆ తొట్టిలో ముత్యం వేస్తావురా?"

"వెయ్యను." ఎడమ పక్క నుంచి అన్నాడు.

"పచ్చ?"

"పగిలిపోతుంది. తెలీనట్టు అడుగుతావేం."

"ఎవరో వచ్చి నగ ఇచ్చారు. అందులో రాయి ఏమిటో నీకు తెలీదు. వేస్తావా?"

"తెలీని రాయి తొట్టిలో ఎవడైనా వేస్తాడా?"

"మరి నీ నరం ఏ రాయో నీకు తెలుసా?"

తొట్టిలో నీళ్ళ వైపు చూశాడు. "డాక్టరమ్మకు తెలుసేమో" అన్నాడు. రెండేళ్ళుగా నేను గొంతు చించుకుని చెప్తున్న మాట అదే. ఇప్పుడు తనకే తట్టినట్టు అంటాడు. పోనీలే అనుకున్నాను.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. కళ్ళజోళ్ళాయన మెషీను డబ్బాతో సహా సంచిలో పెట్టుకుని వెళ్ళాం. డాక్టరమ్మ పుస్తకం తిరగేసి, పద్నాలుగో పేజీ తానే వెతికి పట్టుకుంది. ఆమె నవ్వలేదు, కసరలేదు. మోకాలికి ఆయనకు హాయిగా ఉంటే ఉండనివ్వండి, మీ జబ్బుకు ఇది పని చేస్తుందన్న రుజువు నా దగ్గర లేదు, కంటికి ఇంత దగ్గరగా దీన్ని పెట్టమని నేను చెప్పను అంది. రక్తనాళం మడ్డి కాదని కూడా చెప్పింది. ఆ మాట ఎందుకొచ్చిందో ఆమెకు అర్థమయ్యేలా తొట్టి సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. మా వాడు గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత మాత్రలు ఎందుకు మానేశారని అడిగింది. వాడు నసిగాడు. మత్తు అన్నాడు. "లంకెలు రెండు కనపడతాయి" అన్నాడు.

"ఏ లంకెలు?" అంది ఆమె.

"గొలుసు లంకెలండీ. అతుకుతాను కదా."

ఆమె తన కాగితాలు వెనక్కి తిప్పింది. "ఇక్కడ వ్యాపారం అని రాసి ఉంది. మీరేం పని చేస్తారు?"

అప్పుడు మా తమ్ముడు చెప్పాడు. కంసాలినని, దీపం ముందు కూర్చుంటానని, ఊదుతానని. ఎలా ఊదుతారని ఆమె అడిగితే బుగ్గలు పొంగించి చూపించబోయి, భయపడి, సగంలో ఆపేశాడు. ఆ సగం పొంగిన బుగ్గతో అలా ఆగిపోయిన ముఖం చూసి మా మరదలు తల తిప్పుకుంది. డాక్టరమ్మ కలం కింద పెట్టింది. రోజుకు ఎన్ని గంటలని అడిగింది. ఆరు, ఏడు. ఎన్నేళ్ళుగా. నలభై ఏడు. రెండేళ్ళుగా నా దగ్గరికి వస్తున్నారు, ఈ ముక్క ఒక్కసారి చెప్పలేదేమండీ అని నన్ను కూడా కలిపి చూసింది.

నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. మొదటి రోజు కౌంటరులో పిల్ల వృత్తి ఏమిటని అడిగితే వాడు వ్యాపారం అన్నాడు. ఏసీ గది, గాజు తలుపులు, అలాంటి చోట అలా చెప్తే బాగుంటుందనిపించింది వాడికి. నేను పక్కనే ఉన్నాను. నాకూ బాగానే ఉన్నట్టు అనిపించింది. దస్తూరీకి మూడు బహుమతులు తీసుకున్న నేను, ఆ ఫారం మీద ఆ మాట స్వయంగా గుండ్రంగా రాసి ఇచ్చాను. నూట అరవై లంకెల గొలుసు అతికినవాడి పని పేరు చెప్పుకోవడానికి మొహమాటపడ్డాం. ఎవరి మీద విసుక్కోవాలో అప్పుడు తెలియలేదు నాకు.

డాక్టరమ్మ మందు మార్చింది. చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుదామంది, మత్తు పడుకునే వేళకు వచ్చేలా సర్దింది, రక్తపరీక్షలు రాసింది, రెండుగా కనిపిస్తే మానకుండా ఫోను చెయ్యమంది. దీనికీ లొంగకపోతే ఆపరేషను సంగతి మాట్లాడదామంది. గొట్టం మాత్రం ఇప్పట్లో నోట పెట్టొద్దంది. మళ్ళీ ఎప్పుడు పెట్టొచ్చని వాడు అడిగాడు. తెలియదంది. తెలియదని అలా చెప్పగలిగిన మనిషిని నమ్మొచ్చని దారిలో మా వాడే అన్నాడు. మెషీను కళ్ళజోళ్ళాయనకు తిరిగి ఇచ్చేశాం. ఆయన కొంచెం నొచ్చుకున్నాడు. వినపడని శబ్దానికి వినే చెవి ఉండాలని ఏదో అన్నాడు. నేను పట్టించుకోలేదు.

నాలుగు వారాలయింది. నొప్పి పోలేదు. రోజుకు ఇరవైసార్లు వచ్చేది రెండుసార్లు వస్తోంది, ఒక్కో రోజు అసలు లేదు. గడ్డం గీసుకుంటున్నాడు. ఫ్యాను వేసుకోనిస్తున్నాడు, అదీ తన వైపు తిరగకుండా. పోయిన వారం తిత్తి మీద గుడ్డ తీశాడు. మొదటి మూడు రోజులు కాలితో తొక్కుతూ నోటితో బూతులు. రెండు ఉంగరాలు కరిగి ముద్దయ్యాయి. ఒకసారి ఎదర ఏమీ లేకపోయినా పెదవులు ముడిచి ఊదుతున్నాడు, పాపం తనకే తెలియకుండా. నేను చూడనట్టు దారం ఎక్కించుకున్నాను.

నిన్న ఒక సన్నగొలుసు పూర్తి చేశాడు. లంకెలు ఎనభై. తెచ్చి నా ముందు పెట్టి నిలబడ్డాడు. మా మరదలు దూరం నుంచే బాగుందంది. కళ్ళజోళ్ళాయన వచ్చి భేషన్నాడు. ఎవరైనా అలాగే అంటారు, బాధపడ్డ మనిషి కదా. నేను నా పట్టు రుమాలు తీసి, గొలుసును దాని మీద మెల్లగా లాగాను. నున్నగా పోయే అతుకు పట్టును పట్టదు. ముప్పై దాకా జారిపోయింది. ఆ తర్వాత ఒకచోట దారం పోగు లేచింది.

చెప్పాలా మానాలా అని ఒక్క క్షణం అనుకున్నాను. వాడు నా ముఖమే చూస్తున్నాడు.

"ముప్పై నాలుగోది పట్టింది" అన్నాను.

"తెలుసు. నీకు చూపు ఆనుతోందో లేదో చూద్దామని ఉంచాను."

అబద్ధం. చెవులు ఎర్రబడ్డాయి వాడికి. గొలుసు లాక్కుని వెళ్ళి బల్ల ముందు కూర్చుని, కుడికాలి చెప్పు విడిచి, తిత్తి మీద పాదం పెట్టాడు. పైగా ఫ్యాను కట్టెయ్యమని కేకేశాడు. ఈసారి నొప్పికి కాదు, మంట కదులుతుందట. ఈ ఉక్కలో మళ్ళీ ఉడకమంటాడన్నమాట.